డ్రాయింగ్ ట్యాబ్లెట్ బటన్లు: లినక్స్ డ్రైవర్ల చరిత్ర

డ్రాయింగ్ ట్యాబ్లెట్ అంచున ఉండే బటన్లను, వేలితో తిప్పే చక్రాలను, రుద్దే పట్టీలను ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించి అప్లికేషన్లకు అందించే ఏర్పాటు ఇది. వాకమ్ కంపెనీ ఈ బటన్లను ఎక్స్‌ప్రెస్ కీలు అంటుంది. లినక్స్ డ్రైవర్లు పెన్ను కాక పలక మీద మిగిలిన ఈ సరంజామానంతా కలిపి ‘ప్యాడ్’ అంటాయి. ఒక చేత్తో పెన్ను పట్టుకున్న చిత్రకారులు కీబోర్డు కోసం వెతుక్కోకుండా రెండో చేత్తో అన్‌డూ, జూమ్, బ్రష్ సైజు వంటివి కానిచ్చుకోవడానికి ఇవి ఉన్నాయి. చూడ్డానికి కీబోర్డు మీటల్లాగే ఉంటాయి. అయితే కీబోర్డు మీద ఎంటర్ అంటే ఎంటరే. ట్యాబ్లెట్ బటన్‌కు అలా పుట్టుకతో వచ్చిన పేరేమీ లేదు. డ్రైవర్లు రాసినవాళ్లు ఇరవై ఏళ్లుగా తంటాలు పడింది ముఖ్యంగా ఈ పేరు లేకపోవడంతోనే.

1983లో జపాన్‌లో పుట్టిన వాకమ్, తన ఇంట్యూస్ శ్రేణిలో ఇంట్యూస్2 తరం దాకా పలక పైఅంచున వరసగా గళ్లు అచ్చువేసి ఇచ్చేది. పెన్నుతో గడి మీద తడితే, ఆ చోటును బట్టి అది ఏ గడో డ్రైవర్ లెక్కగట్టేది. అంటే అవి బటన్ల బొమ్మలే తప్ప బటన్లు కావు. 2004లో వచ్చిన ఇంట్యూస్3తో ఈ శ్రేణిలో నిజమైన బటన్లు మొదలయ్యాయి. పెద్ద సైజుల్లో రెండు పక్కలా నాలుగేసి, వాటితోపాటు ఒక్కో స్పర్శ పట్టీ. విండోస్, మాక్‌లలో వాటి సంగతి కంపెనీ సొంత డ్రైవరే చూసుకుంది.

లినక్స్ కెర్నల్‌లోని యూఎస్‌బీ వాకమ్ డ్రైవర్‌ను 2000లో వోయ్‌టెక్ పావ్లిక్ రాశాడు. అది పెన్ను కోసం పుట్టిన డ్రైవర్. బటన్లు వచ్చేసరికి వాటికి ఏ కోడ్ ఇవ్వాలన్న ప్రశ్న ఎదురైంది. కెర్నల్‌లో పేరు లేని బటన్ల కోసం సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకె కోడ్లు ఉన్నాయి. డ్రైవర్ వాటిని వాడుకుంది. అంతకంటే ఎక్కువ బటన్లున్న మోడళ్లు వచ్చాక, పదకొండో బటన్ నుంచి గేమ్‌ప్యాడ్ కోసం ఉద్దేశించిన ఆరు కోడ్లు, అవీ చాలకపోతే జాయ్‌స్టిక్ కోడ్లలోంచి రెండు అరువు తెచ్చుకుంది. దాంతో కొన్ని ఆటలకు ట్యాబ్లెట్ జాయ్‌స్టిక్‌లా కనిపించేది. పట్టీల లెక్క ఇంకా విచిత్రం: వేలు జరిగేకొద్దీ 1, 2, 3 అని కాకుండా 1, 2, 4, 8 అంటూ 4096 దాకా రెట్టింపులుగా విలువలు వచ్చేవి.

లినక్స్ డెస్క్‌టాప్‌ను తెర మీద చూపించే ఎక్స్ సర్వర్‌లో ఇంకో మెలిక. మౌస్ స్క్రోలింగ్ కోసం అక్కడ 4 నుంచి 7 వరకు బటన్ నంబర్లు ముందే రిజర్వు అయిపోయాయి. కాబట్టి పలక మీద నాలుగో బటన్ ఎనిమిదోదిగా తేలేది. ఎక్స్‌సెట్‌వాకమ్ అనే కమాండ్‌తో బటన్‌కు పని అప్పగించబోయినవాళ్లు 1, 2, 3 తర్వాత 8 అని టైప్ చెయ్యాలి. ఈ మర్మం తెలియనివాళ్లకు మూడు బటన్లు పనిచేసి నాలుగోది పాడైపోయినట్టు అనిపించేది.

2009 నాటి ఇంట్యూస్4 ఈ కథలో అందమైన మజిలీ. మధ్య, పెద్ద సైజుల్లో ఎనిమిది బటన్ల పక్కనా చిన్న ఓలెడ్ తెరలు అమర్చారు. బటన్‌కు పేరు లేదన్న లోటును హార్డ్‌వేరే తీర్చబోయిందన్నమాట. ఒక్కో తెర 64 అడ్డం, 32 నిలువు చుక్కలు. ఒక్కో చుక్కకు నాలుగు బిట్లు. మొత్తం 1024 బైట్లు. కెర్నల్ ఒక్కో బటన్‌కు ఒక ఫైలు చూపిస్తుంది. అందులో ఆ 1024 బైట్లు రాస్తే తెర మీద బొమ్మ వెలుగుతుంది. డ్రైవర్‌కు కావలసింది అక్షరాలు కాదు, బొమ్మ. కాబట్టి అక్కడ ‘రద్దు’ అని తెలుగులో రాసుకున్నా దానికి అభ్యంతరం లేదు. ఎడమచేతి వాటంవాళ్లు పలకను తిప్పి పెట్టుకుంటే మాత్రం రాత తలకిందులవుతుంది. ఆ బొమ్మను తిరగేసి పంపే పని సాఫ్ట్‌వేర్‌దే. తర్వాతి ఇంట్యూస్5లో ఈ తెరలు లేవు.

2014లో విడుదలైన కెర్నల్ 3.17లో పెద్ద ప్రక్షాళన జరిగింది. వాకమ్ డ్రైవర్‌ను కీబోర్డు, మౌస్ వంటి పరికరాలను చూసుకునే హిడ్ విభాగానికి మార్చారు, పెన్ను, ప్యాడ్ వేర్వేరు పరికరాలయ్యాయి. అంతకుముందు రెండింటి సంకేతాలూ ఒకే దారిలో కలిసి వచ్చేవి.

వాకమ్ కానివాటి బాధ వేరు. యూసీ లాజిక్, హుయాన్ వంటి పలకల్లో చాలావరకు బటన్ నొక్కగానే కీబోర్డు షార్ట్‌కట్లనే పంపుతాయి: బ్రష్‌కు బి, రబ్బరుకు ఈ, అన్‌డూకు కంట్రోల్ జెడ్. డ్రైవర్ లేకున్నా పనిచేస్తుంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ యూఎస్‌బీ కీబోర్డు పంపేది అక్షరాన్ని కాదు, మీట ఉన్న స్థానాన్ని. జర్మన్ లేఅవుట్‌లో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. అక్కడ అన్‌డూ కోసం నొక్కితే కంట్రోల్ వై అవుతుంది, చాలా ప్రోగ్రాముల్లో అది రీడూ. మన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో బి ఉన్న చోట ‘వ’ ఉంటుంది. లేయర్‌కు తెలుగులో పేరు పెడుతూ పొరపాటున బ్రష్ బటన్ తగిలితే ఆ పేరులో ఒక ‘వ’ వచ్చి కూర్చుంటుంది.

నికొలాయ్ కొండ్రషోవ్ నడిపిన డిజిమెండ్ ప్రాజెక్టు దీనికి తాళంచెవి కనిపెట్టింది. పలకను 123వ నంబరు స్ట్రింగ్ చెప్పమని అడగాలి. అది ‘హెచ్‌కే ఆన్’ అని జవాబిస్తే, అప్పటినుంచి షార్ట్‌కట్లు మానేసి ఉత్త బటన్ నంబర్లు పంపుతుంది. ప్రశ్న అడగడమే ఇక్కడ ఆజ్ఞ. ఈ కిటుకు ఇప్పుడు కెర్నల్‌లోని యూసీ లాజిక్ డ్రైవర్‌లో ఉంది.

నంబర్లు వచ్చాక వాటి అర్థం ఎవరు చెప్పాలి? ఏ మోడల్‌లో ఏ బటన్ ఎక్కడుందో లిబ్‌వాకమ్ అనే జాబితా చెబుతుంది. పలక రూపురేఖల బొమ్మ కూడా అందులో ఉంటుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్‌లు ఆ బొమ్మను చూపించి బటన్లకు పనులు కేటాయింపజేస్తాయి. 2016లో లిబ్‌ఇన్‌పుట్ లైబ్రరీకి ప్యాడ్‌లు అర్థమయ్యాయి. పీటర్ హట్టరర్ ప్రధానంగా నడిపే ఈ లైబ్రరీ బటన్లను సున్నా నుంచి లెక్కపెట్టి ఊరుకుంటుంది, ఏ అర్థమూ అంటగట్టదు. ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్‌లో అప్లికేషనే ‘ఈ బటన్‌తో నేను చేసే పని ఇదీ’ అని మాటల్లో తెలియజేయవచ్చు. డెస్క్‌టాప్ దాన్ని తెర మీద చూపించగలదు. సెట్టింగ్‌లు తెరిచే, తెర మీద కీబోర్డు తెచ్చే ప్రత్యేక బటన్లకు మాత్రం అర్థం ముందే స్థిరం. వాటికోసం 2020లో లిబ్‌ఇన్‌పుట్ 1.15 విడిగా ఒక ఈవెంట్ చేర్చింది.

2023లో కెర్నల్ 6.3తో హిడ్-బీపీఎఫ్ వచ్చింది. పలక పంపే తప్పు సంకేతాలను సరిచేసే చిన్న ప్రోగ్రామును, కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చెయ్యకుండానే, నడుస్తున్న సిస్టమ్‌లో ఎక్కించవచ్చు. హుయాన్, ఎక్స్‌పీ-పెన్ మోడళ్లు కొన్నింటికి ఇలాంటి సవరణలు కెర్నల్ సోర్స్‌లోనే ఉన్నాయి. ఆ పలకల్లో కొన్నింటికి గుండ్రంగా తిరిగే డయల్ ఉంటుంది. వాకమ్ స్పర్శ చక్రం వేలు ఎక్కడుందో చెబుతుంది. డయల్ ఎన్ని మెట్లు తిరిగిందో మాత్రమే చెప్పగలదు. అది పాత ఈవెంట్లలో ఇమడలేదు. 2024లో లిబ్‌ఇన్‌పుట్ 1.26 డయల్‌కు సొంత ఈవెంట్ ఇచ్చింది. మౌస్ చక్రం లెక్కనే తీసుకుని, ఒక్కో మెట్టుకు 120.