మాటతో కట్టిన సంఘం

శ్రీకాకుళ గిరిజనోద్యమం అనగానే మన పిల్లలకు తుపాకులు, ఎన్‌కౌంటర్లే గుర్తుకొస్తాయి. కొండల్లో పుట్టి నరసన్నపేట వైపు ఉద్యోగాలకు దిగిన మాలాంటి ఉపాధ్యాయులను మైదానపు వాళ్లు అడిగేదీ అదే: "అప్పట్లో మీవాళ్లు తిరగబడ్డారట కదా?" తిరగబడ్డమాట నిజమే. కానీ అంతకు ముందు పదేళ్ల పని ఉంది. ఆ పని మొదలుపెట్టినవాళ్లు బడిపంతుళ్లు. వాళ్లు నమ్ముకున్నది మాటను.

1950ల చివరినాటికి పార్వతీపురం, పాలకొండ, సీతంపేట కొండలన్నీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. మన సవర, జాతాపు కుటుంబాలు చింతపండు, కందులు, అడ్డాకులు మోసుకుని సంతకు దిగితే కొలత షావుకారిది, ధర షావుకారిది. అప్పు తీరక భూమి పోయేది. భూమి పోయినవాడు తన పొలంలోనే కంబారిగా చేరేవాడు. ఏజెన్సీ భూములు బయటివారి చేతికి పోకుండా 1917లోనే చట్టం వచ్చింది. 1959లో మరో చట్టం వచ్చింది. అవి ఉన్నాయని మన ఊళ్లకు చెప్పే నాథుడు లేడు.

ఆ పరిస్థితుల్లో పల్లె రాములు, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు గిరిజన సంఘం పని మీద కొండల్లో తిరిగారు. ముగ్గురూ కొండ కింద నుంచి వచ్చినవారే. కొండబారిడిలో పాఠాలు చెప్పిన సత్యనారాయణ గారిని మన పెద్దలు ఇప్పటికీ సత్యం మాస్టారనే అంటారు. బయటివాళ్ల చేతిలో అన్నిసార్లు మోసపోయిన జనం ఈ బయటివాళ్లను ఎందుకు నమ్మారు? అసలు ప్రశ్న ఇదే.

ముందు వాళ్లు మన మధ్య బతికారు. మన ఇంటి బాధ మన నోటితోనే విన్నారు. ఈ దారి మనకు కొత్త కాదు. నరసన్నపేటకు దగ్గరలోని శ్రీముఖలింగం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుని ఆ భాషలో వాచకాలు రాశారు. ఆయన పని వేరు, సంఘం పని వేరు. కానీ ఎదుటివాడి మాట రానివాడు ఎదుటివాణ్ణి ఒప్పించలేడన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

తర్వాత, సంఘం పెద్ద మాటలతో మొదలుపెట్టలేదు. కంబారి జీతం పెరగాలి, వెట్టి పోవాలి, అటవీ సిబ్బందికి మామూళ్లు ఆగాలి, పోడు మీద హక్కు కావాలి అంది. ఇవి ప్రతి ఇంటికీ తెలిసిన బాధలు. ఒక ఊళ్లో జీతం పెరిగితే ఆ కబురే పక్క ఊరిని కదిలించేది. ఉద్దానంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఇదే పనిని జముకుల కథతో చేశారు. చదువు రానివాళ్లకు తెలిసిన కళలోనే కొత్త సంగతి చెప్పారు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న మనవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టు నిందితులను వదిలేసింది. సభకు నడిచి వెళ్లేవాణ్ణి చంపినా శిక్ష లేకపోతే, ఇక మాట మీద నమ్మకం ఎలా ఉంటుంది? ఆయుధం వైపు మళ్లడాన్ని ఈ దెబ్బ నుంచి విడదీసి చూడకూడదు.

ఆ తర్వాత చారు మజుందార్ చెప్పిన వర్గశత్రు నిర్మూలన పంథా కొండలకు వచ్చింది. ప్రజలు కదలకుండా చిన్న దళాలు చేసే చర్యలతో విప్లవం రాదని తరిమెల నాగిరెడ్డి వర్గం విభేదించింది. మా అభిప్రాయమూ దీనికి దగ్గరే. ఊరంతా కూర్చుని తేల్చుకునే పని, రాత్రిపూట వచ్చిపోయే దళం పనిగా మారింది. పోలీసు క్యాంపుల మధ్య జనం మూగబోయారు. 1969 డిసెంబరులో పాణిగ్రాహి, 1970 జూలై 10న సత్యం, కైలాసం మాస్టార్లు పోలీసుల చేతిలో చనిపోయారు. వారి త్యాగాన్ని తక్కువ చేయం. వారు పదేళ్లు చేసిన పనిని చివరి రెండేళ్ల నీడలో పోగొట్టుకోకూడదని మాత్రం అంటాం.

1970లో వచ్చిన 1/70 చట్టం వెనుక ఈ పోరాటపు ఒత్తిడి ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలోని భూమి, వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనుని నుంచి వచ్చినదేనని అది భావిస్తుంది. అయితే ఐదో షెడ్యూలు బయట ఉండిపోయిన మన ఊళ్లకు ఆ రక్షణ లేదు. వాటిని చేర్పించాలంటే ముందు మన ఊరివాళ్లకు విషయం తెలియాలి, తర్వాత మైదానపు ఇరుగుపొరుగును, అధికారులను ఒప్పించాలి. పట్టా చదివి చెప్పగలిగేది, అర్జీ రాయించగలిగేది, సవరలో అడిగితే సవరలో బదులివ్వగలిగేది ఇవాళ మనమే. ఆనాడు ఆ పనికి బయటి మాస్టార్లు రావలసి వచ్చింది. ఇప్పుడు మన బడుల్లో మన మాస్టార్లే ఉన్నారు.