గెల కోసేవాడికి యజమాని ఎవరు?

పామాయిల్ చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా విత్తనం గురించీ మిల్లు గురించీ రాశారు. 1848లో జావాలోని బొగోర్ ఉద్యానవనంలో నాటిన నాలుగు మొక్కలు, 1911లో సుమత్రాలో అడ్రియన్ హాలెట్ వేయించిన తోటలు, 1917లో మలయాలో హెన్రీ ఫోకోనియే మొదలుపెట్టిన తెన్నమారం ఎస్టేట్, ఆ తర్వాత పెంకు పలచగా గుజ్జు మందంగా ఉండే టెనెరా రకం. ఈ వరసంతా చదివితే గెల దానంతటదే తెగి మిల్లులో పడిందేమో అనిపిస్తుంది. నూరేళ్లలో విత్తనం మారింది, ఎరువు మారింది, మిల్లు మారింది. గెలను చెట్టు నుంచి కోసే పని మాత్రం పెద్దగా మారలేదు. ఆ పని చేసే మనిషి బతుకు కొన్నిచోట్ల కొంత మెరుగుపడింది, కొన్నిచోట్ల అసలు ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈ తేడాకు పంట స్వభావమో కంపెనీల మంచితనమో కారణం కాదని నా వాదన. చెట్టుకూ మిల్లుకూ నడుమ చట్టం వేలెత్తి చూపించగల యజమాని ఉన్నాడా లేడా అన్నదే అసలు సంగతి.

ముందు ఆ పనేమిటో చూడాలి. ఎకరాకు 57 చెట్లు. పది పదిహేను రోజులకోసారి ప్రతి చెట్టు కిందా నిలబడి పండిన గెల ఉందో లేదో చూడాలి. చెట్టు చిన్నదిగా ఉన్నప్పుడు ఉలి లాంటి పనిముట్టుతో పొడిచి కోస్తారు. ఏటా అడుగున్నర చొప్పున పెరుగుతూ పాతికేళ్లకు కాండం ముప్పై అడుగులు దాటుతుంది. అప్పుడు పొడవాటి అల్యూమినియం గడకు కొడవలి బిగించి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, మొదట అడ్డొచ్చే మట్టను, తర్వాత గెల కాడను లాగి తెంపాలి. అంత పొడవు గడ చివర వంగుతూ ఊగుతూ ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికే సగం బలం పోతుంది. మట్ట మొదట్లో రంపపు పళ్ల లాంటి ముళ్లు. గెల బరువు పది కిలోల నుంచి పాతిక కిలోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అది పడే చోటు నుంచి తప్పుకోవడానికి ఉండేది ఒక్క క్షణం. కళ్లలో పడే పొట్టు, మెడ నొప్పి రోజూ ఉండేవే. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తోట మీదుగా పోయే కరెంటు తీగ, ఎందుకంటే అల్యూమినియం గడ దానికి తగిలితే రెండో అవకాశం ఉండదు. కోసిన గెల ఒక రోజులో మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది కాబట్టి తొందర ఎప్పుడూ ఉంటుంది. చెట్టు ఇంకా కాస్తుండగానే పాతిక ముప్పై ఏళ్లకు తోట కొట్టేయడానికి ఒక ముఖ్య కారణం, కోసే మనిషికి అది అందకపోవడం. పంట ఆయుష్షును కూలీ చేతి పొడవే నిర్ణయిస్తున్నదన్నమాట.

ఈ పని ఒక కంపెనీ చేతికి పెద్దఎత్తున వచ్చింది బెల్జియన్ కాంగోలో. సబ్బుల వ్యాపారి విలియం లీవర్ 1911లో బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 7,50,000 హెక్టార్ల వరకు అడవి పామ్ చెట్లపై హక్కు పొందాడు. అందుకు ప్రతిగా కూలీకి రోజుకు కనీసం 25 సాంటీమ్‌ల వేతనం ఇస్తాననీ, ఆసుపత్రులూ బడులూ కట్టిస్తాననీ ఒప్పుకున్నాడు. పామాయిల్ కూలీల సంక్షేమం కాగితం మీదికెక్కింది బహుశా అక్కడే. కానీ జరిగింది వేరు. నడుముకు పట్టీ కట్టుకుని ఎత్తైన అడవి చెట్లెక్కే పనికి జనం ఇష్టపడి రాలేదు. వలస పాలకులు పన్నుల పేరుతో, గ్రామపెద్దల మీద ఒత్తిడితో వాళ్లను చెట్ల మీదికి తోలారు. 1931లో క్వాంగో ప్రాంతపు పెండే ప్రజలు తిరగబడితే వందలాది మందిని చంపి అణచివేశారు. సంక్షేమానికి హామీ ఇచ్చినవాడూ బలవంతానికి అండగా నిలిచినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఒప్పందం ఎంత బాగున్నా ఫలితం అదే.

మలయా ఎస్టేట్ల చరిత్ర అంత ఏకరీతిగా లేదు. అక్కడికి వెళ్లినవారిలో తమిళులే ఎక్కువ. విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో వంటి చోట్ల కొబ్బరి తోటల్లో కుదిరారు.  ఒప్పంద కూలీ విధానం 1910లో ముగిసినా కంగాణీల, అంటే కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీల, పట్టు పోలేదు. అయితే 1923 కార్మిక కోడ్ ఎస్టేట్ యజమాని పేరు పెట్టి బాధ్యతలు రాసింది. బడి ఈడు పిల్లలు పది మంది ఉంటే బడి పెట్టాలంది. ఆ బడులు నామమాత్రంగానే నడిచాయి. ఇళ్లంటే ఒకే వరసలో కట్టిన లైన్‌గదులు. అయినా అడగడానికి ఒక గుమ్మం ఉంది. 1941లో క్లాంగ్ ప్రాంతపు రబ్బరు తోటల కూలీలు సమ్మె చేసినప్పుడు వేతనాల పెంపుతో పాటు ఇంకో కోరిక కూడా పెట్టారు: తెల్లదొర ఎదురైతే సైకిల్ దిగాల్సిన అవసరం ఉండకూడదని. సైన్యాన్ని దించి కాల్పులు జరిపి ఆ సమ్మెను అణచారు. 1954లో జాతీయ తోట కార్మికుల సంఘం ఏర్పడ్డాక బేరసారాలు క్రమబద్ధమయ్యాయి. రబ్బరు స్థానంలో పామాయిల్ వచ్చేసరికి కూలీకి సంఘం, వేతన ఒప్పందం, గది అప్పటికే ఉన్నాయి. అవి ఎస్టేట్ దయవల్ల వచ్చినవి కావు. ఎస్టేట్ అనేది సరిహద్దులూ బోర్డూ ఉన్న చోటు కాబట్టి అక్కడ నిలదీయడం సాధ్యమైంది.

అడగడానికున్న ఆ గుమ్మం తర్వాత ఎలా మూతపడిందో చూస్తే వాదన ఇంకాస్త స్పష్టమవుతుంది. 1981కి ముందు మలేసియా తోటల్లో ఆడవాళ్లు పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి ఒక్కో ఆడ పూగుత్తి మీదా ఊదుకుంటూ తిరిగేవారు. ఆ ఏడు కామెరూన్ నుంచి తెచ్చి వదిలిన ముక్కు పురుగు ఆ పనంతా తానే చేసేసింది. పరిశోధనగా అది గొప్ప విజయమే. ఆ పని పోయిన ఆడవాళ్ల గురించి మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. తోటలో వాళ్లకు మిగిలిన ముఖ్యమైన పనుల్లో కలుపు మందు కొట్టడం ఒకటి. వీపు మీద డబ్బాతో పారాక్వాట్ చల్లే మహిళల చర్మం, గోళ్లు, కళ్లు ఎలా దెబ్బతింటున్నాయో మలేసియాలోని మహిళా హక్కుల సంస్థ తెనగానిత 2002లో బయటపెట్టింది. మలేసియా ఆ ఏడే ఆ మందును ఆపాలనుకుంది, 2006లో వెనక్కి తగ్గింది, చివరికి 2020లో నిషేధించింది. ఈలోగా భారతీయ కుటుంబాలు ఎస్టేట్లు వదిలిపోయాయి. వాళ్ల చోట ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీలు వచ్చారు, చాలామంది కాంట్రాక్టర్ల ద్వారానే. యజమాని ఒకడు, జీతమిచ్చేవాడు ఇంకొకడు, పాస్‌పోర్టు దాచుకున్నవాడు మరొకడు. 2020లో అమెరికా కస్టమ్స్ శాఖ బలవంతపు చాకిరీ ఆనవాళ్లున్నాయంటూ రెండు పెద్ద మలేసియా కంపెనీల నూనెను రేవుల్లో ఆపింది. విదేశీ కూలీలకు స్థానికులతో పాటు సామాజిక భద్రతా పథకంలోని ప్రమాద బీమా వర్తించింది అంతకు ముందు ఏడాది, 2019లోనే. అంటే వాళ్లను చట్టం చూడగలిగేలా చేయడానికే అన్నేళ్లు పట్టింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1951 నాటి ప్లాంటేషన్ కార్మికుల చట్టం ఇల్లు, వైద్యం, తాగునీరు, పసిపిల్లల గది యజమాని బాధ్యతన్నది. 1981 సవరణ తర్వాత అది 5 హెక్టార్లు, 15 మంది కార్మికులున్న తోటలకు వర్తించేది. ఇప్పుడు దాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. టీ, కాఫీ, రబ్బరు ఎస్టేట్లను చూసి రాసిన చట్టమది. కేరళలో ప్రభుత్వ సంస్థే పెంచిన పామాయిల్ ఎస్టేట్లు ఆ నమూనాలో ఇమిడాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పామాయిల్ అలా రాలేదు. 1988లో చద్దా కమిటీ అనువైన భూములు గుర్తించింది. పశ్చిమ గోదావరి, ఖమ్మం వంటి జిల్లాల్లో రైతులు సొంత పొలాల్లో, బోర్ల కింద మొక్కలు వేశారు. 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రాంతాన్ని జోన్లుగా విడదీసి, జోన్లోని రైతు ఆ ఫ్యాక్టరీకే అమ్మాలనీ, ఫ్యాక్టరీ కొని తీరాలనీ, ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుందనీ చెప్పింది. రైతుకు మంచే జరిగింది. దళారీ లేని పంట మన దగ్గర అరుదు. అయితే ఆ చట్టం లెక్కలోకి తీసుకున్నది ముగ్గురినే: రైతు, ఫ్యాక్టరీ, ప్రభుత్వం. గెల కోసేవాడు నాలుగోవాడు.

అతను ముఠాలో ఒకడు. మేస్త్రీ ఫోన్ చేస్తే ఇవాళ ఒక తోట, రేపు ఇంకో తోట. కూలి టన్నుకింత అని మాట్లాడుకుంటారు. రైతుకు అతను ఒక పూట పనివాడు, మేస్త్రీకి జట్టులో మనిషి, ఫ్యాక్టరీకి అతనెవరో తెలియదు. రైతుల గొడవ మాత్రం అందరికీ వినిపించింది: గెల ధరను తేల్చే నూనె రికవరీ శాతం అశ్వారావుపేట మిల్లులో ఎంత, పెదవేగి మిల్లులో ఎంత అని ఏళ్ల తరబడి వాళ్లు పోరాడారు. దశాంశ స్థానాల దాకా సాగిన ఆ తగవు న్యాయమైనదే. 2021లో కేంద్రం ప్రకటించిన జాతీయ పామాయిల్ మిషన్ 11,040 కోట్ల రూపాయలతో రైతుకు ధర భరోసా కూడా తెచ్చింది. ఆ ధరల సూత్రాల్లో కోత కూలీ ఒక ఖర్చుగా ఉంటాడేమో కానీ మనిషిగా లేడు.

దీనికి ఎదురయ్యే మొదటి మాట, పదెకరాల రైతును ఎస్టేట్ దొరతో సమానం చేస్తారా అని. చేయకూడదు, అందులో సందేహం లేదు. బడి, ఆసుపత్రి కట్టమని అతన్ని అడగడం అన్యాయం, అడిగినా జరిగేది కాదు. రెండో మాట, మిగతా వ్యవసాయ కూలి కంటే గెలల కోతకు ఎక్కువే వస్తుందని. నిజమే. కానీ నేర్పూ ప్రమాదమూ ఉన్న పనికి ఎక్కువ రావడం ధర మాత్రమే. టన్ను లెక్కన ఇచ్చే ఆ ధర కరెంటు తీగ పక్కన కూడా తొందరపడమనే చెబుతుంది. మూడోది యంత్రం వస్తుందన్న ఆశ. మోటారు కోత పరికరాలు వచ్చాయి, అవి ఓ మోస్తరు ఎత్తు చెట్లకు పనికొస్తాయి. పొట్టి రకాల కోసం పరిశోధన జరుగుతోంది. అయితే తొంభైల్లో వేసిన తోటలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు, వాటిలో ఇంకా కొట్టేయనివి అత్యంత ఎత్తులో, అత్యంత ప్రమాదకరంగా ఉన్నాయి. రాబోయే యంత్రం వాటి కింద నిలబడ్డవాడికి ఏం చేస్తుంది?

దారి ఎస్టేట్ దగ్గర కాక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉందని నేననుకుంటాను. ఎన్ని వేల తోటలున్నా గెలలన్నీ చేరేది ఆ కాటా దగ్గరికే. టన్నుకు కొంత సెస్సు అక్కడే వసూలు చేసి, ముఠా కూలీలను నమోదు చేసి, బీమా, గట్టి టోపీ, కరెంటు సోకని గడ ఇవ్వడం కష్టమేమీ కాదు. భవన నిర్మాణ కార్మికులకు 1996 చట్టం చేసింది ఇలాంటిదే. అక్కడా కూలీ రోజుకో యజమాని దగ్గర ఉంటాడు, అందుకే సెస్సును నిర్మాణ ఖర్చుకు ముడిపెట్టారు. ఇంకా దగ్గరి ఉదాహరణ మన గీత కార్మికుడు. తాడి మీంచి పడి చనిపోతే అతని కుటుంబానికి ఎక్స్‌గ్రేషియా ఉంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు కూడా మొదలుపెట్టింది. అతనికి సొసైటీ ఉంది, లైసెన్సు ఉంది, ఓటుగా లెక్కించదగిన సంఘం ఉంది. పక్క పొలంలోనే ఇంకో రకం తాటిజాతి చెట్టు కింద నిలబడ్డవాడికి ఈ మూడూ లేవు. కాటా చీటీ మీద బరువు, తరుగు, రైతు పేరు ఉంటాయి. కోసిన ముఠా నంబరు అదనంగా వేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ధర ప్రకటించే ఉత్తర్వులోనే రాయవచ్చు. తెలంగాణలో 2021 తర్వాత జిల్లా జిల్లాకూ కంపెనీలకు జోన్లు ఇచ్చారు. ఆ తోటలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, ఫ్యాక్టరీలు కొన్నిచోట్ల ఇంకా కడుతున్నారు. గెల ఇంకా ఉలికి అందే ఎత్తులోనే ఉంది కాబట్టి ఒప్పందాల్లో ఈ షరతు చేర్చడానికి కొన్నేళ్ల వ్యవధి ఉంది.