పోలింగు బల్ల దగ్గర బడిపిల్లలు

మన సంఘ సభ్యులలో చాలామందికి కొడుకులో కూతుళ్ళో అమెరికాలో ఉన్నారు. అక్కడి మనవలు హైస్కూలులో చదువుతూనే ఎన్నికల రోజున పోలింగు కేంద్రంలో పనిచేసి వస్తారంటే మనలో కొందరికి వింతగా ఉంటుంది. "ఓటే లేని పిల్లలకు ఓట్ల దగ్గర పనేమిటి?" అని మన సమావేశాలలో అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు మన బొగ్గు ప్రాంతపు అనుభవం నుండే జవాబు వెతకవచ్చునని నా అభిప్రాయం.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా రాష్ట్రాన్నే తీసుకుందాం. అక్కడి చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండి, చదువులో ఫరవాలేదనిపించుకున్న విద్యార్థిని పోలింగు పనికి తీసుకోవచ్చు. ఒక కేంద్రంలో ఐదుగురికి మించకూడదు. పెద్దల పర్యవేక్షణలోనే పనిచేయాలి. ఓట్ల లెక్కింపులో మాత్రం చేయి పెట్టకూడదు. పిల్లలను పిలిచారు, గీత కూడా గీశారు.

మన దేశంలో ఈ పని మొదటినుండీ ఉద్యోగుల భుజాల మీదనే ఉంది. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల నాటికి ఓటర్లలో అత్యధికులు నిరక్షరాస్యులు. అందుకే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై గుర్తు. ఆ పెట్టెలను మోసుకుపోయి, జనానికి పద్ధతి చెప్పి, తిరిగి భద్రంగా అప్పగించిన వారిలో బడిపంతుళ్ళే ముఖ్యులు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 26వ సెక్షను కింద ప్రిసైడింగు ఆఫీసరును, పోలింగు ఆఫీసర్లను జిల్లా ఎన్నికల అధికారి నియమిస్తారు. 28ఎ సెక్షను ప్రకారం ఆ రోజులలో వారు ఎన్నికల సంఘం కింద డెప్యుటేషనులో ఉన్నట్టే లెక్క. సరైన కారణం లేకుండా విధిలో తప్పితే 134వ సెక్షను కింద 500 రూపాయల వరకు జరిమానా. డబ్బు చిన్నదే, కాని సర్వీసు రికార్డులో మచ్చ పడుతుందన్న భయం ఎంత పెద్దదో ఉద్యోగం చేసినవారికి తెలుసు.

మనవంటి ప్రభుత్వరంగ సంస్థల సిబ్బంది సంగతి కొంత ఆలస్యంగా తేలింది. బ్యాంకు ఉద్యోగులను ఈ పనికి బలవంతంగా తీసుకొనే అధికారం చట్టంలో లేదని సుప్రీంకోర్టు చెప్పిన తరువాత, 1998లో 159వ సెక్షనును మార్చి, ప్రభుత్వ కంపెనీలను కూడా అందులో చేర్చారు. ఆ తరువాత 1999 ఎన్నికలలో నేనూ డ్యూటీ చేశాను. నక్సలైట్ల బహిష్కరణ పిలుపు ఒకవైపు, సాయుధ పోలీసుల కాపలా మరొకవైపు. ముందురోజు రాత్రి బడి వరండాలో బ్యాలెట్టు పెట్టెల పక్కనే నిద్ర. తెల్లవారితే ఏమవుతుందో తెలియదు. అటువంటి రోజులలో పదహారేళ్ళ పిల్లవాణ్ణి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టమని ఎవరన్నా నేనే ఒప్పుకొనేవాణ్ణి కాదు.

అయితే పిల్లలు ఎన్నికల పనికి దూరంగా ఉన్నారా? లేరు. 1971 లోక్‌సభ ఎన్నికలనాటికి నేను గోదావరిఖనిలో హైస్కూలు విద్యార్థిని. బాయి పనికి ఊళ్ళు విడిచి వచ్చిన కుటుంబాలలో చదవను, రాయను వచ్చింది చాలాచోట్ల మా వయసు పిల్లలకే. పార్టీల టెంట్ల కింద ఓటర్ల జాబితా ముందు పెట్టుకొని, పేరు వెతికి, వరుస నంబరు చీటీ మీద రాసిచ్చింది మేమే. షిఫ్టు దిగి బొగ్గు మరకలతోనే వచ్చిన పెద్దమనిషి, "నా పేరు సూడు బిడ్డా" అని మా ముందు నిలబడేవాడు. మధ్యాహ్నానికి మాకు దక్కేది టీ, బన్ను. ఆ చీటీ మీద పార్టీ గుర్తు ఉండేది. పని ప్రజలదే, కాని మేము కూర్చున్నది పార్టీ నీడలో. అప్పటికి ఓటు హక్కు వయసు 21. అంటే ఆరేళ్ళ ముందే ఎన్నికల పని నేర్చుకున్నాం, తటస్థంగా ఉండడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

61వ రాజ్యాంగ సవరణతో 1989 నుండి ఓటు వయసు 18కి తగ్గింది. హైస్కూలు దాటిన రెండు మూడేళ్ళకే ఓటు వచ్చినట్టయింది. 2011 నుండి జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. 2018లో 9వ తరగతి నుండి 12వ తరగతి వరకు విద్యార్థుల కోసం ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులు మొదలయ్యాయి. 2022 నుండి 17 ఏళ్ళు నిండినవారు ఓటరు నమోదుకు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. వికలాంగ ఓటర్లకు చేయూతగా ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లను పెడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పార్టీల ప్రచారంలో పిల్లలను ఏ రూపంలోనూ వాడరాదని గట్టిగా ఆదేశించింది. పార్టీ టెంటు నుండి పిల్లలను లేపివేయడం మంచిదే. లేపిన పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మిగిలిన ప్రశ్న.

నా మటుకు నాకు తోచింది చెబుతాను. జాబితాలో పేరు సరిచూడడం, వేలికి సిరా పెట్టడం, యంత్రం కంట్రోల్ యూనిట్ మీట నొక్కడం చట్టానికి జవాబు చెప్పవలసిన పనులు. అవి ఉద్యోగుల చేతిలోనే ఉండాలి. మన కాలనీలలో ఎవరి పిల్లవాడు ఎవరో, ఏ తండ్రి ఏ యూనియనో అందరికీ తెలుసు. బల్ల దగ్గర అనుమానం పుడితే పిల్లవాడు తట్టుకోలేడు. సింగరేణిలో 1998లో గుర్తింపు సంఘానికి మొదటిసారి రహస్య బ్యాలెట్టు జరిగినప్పుడు, ఓడినవారు కూడా ఫలితానికి తలవంచింది బల్ల దగ్గర కూర్చున్నవారు ఏ సంఘానికీ చెందనివారు కావడం వల్లనే.

కాని వరుస నడపడం, ఏ గదిలో ఏ కేంద్రమో చూపడం, చక్రాల కుర్చీ తోయడం, మంచినీళ్ళు అందించడం, ఇవి 16 ఏళ్ళ పిల్లలు చక్కగా చేయగలరు. తమ బడి గదులలోనే పోలింగు జరుగుతుంటే ఆ రోజు సెలవని ఇంట్లో కూర్చోవడం కన్నా, తల్లిదండ్రుల అంగీకారంతో, ప్రిసైడింగు ఆఫీసరు కంటి ఎదుట ఒక పూట పనిచేయడం మేలు. తండ్రి మెచ్చని పార్టీ మనిషికి కూడా అదే మర్యాదతో దారి చూపిన పిల్లవాడు, ఓటు వచ్చిన నాడు నోటుకు లొంగడని నా నమ్మకం.

దీనికి ఎన్నికల సంఘం అనుమతి కావాలి. అది వచ్చేవరకు మనం ఖాళీగా ఉండనక్కరలేదు. పెట్టెల కాలం, యంత్రాల కాలం రెండూ చూసిన పోలింగు ఆఫీసర్లు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. దగ్గరి హైస్కూలు ప్రధానోపాధ్యాయులను కలిసి, ఆ క్లబ్బు పిల్లలచేత బడి నాయకుడి ఎన్నికను సిరాతో సహా పద్ధతిగా జరిపించవచ్చు. సంఘం కార్యవర్గం ఈ విషయం ఆలోచించాలని మనవి. పెన్షనరుకు ఉన్న తీరిక, అనుభవం రెండూ దీనికి సరిపోతాయి.