నలభై దాటాక పేరు తెచ్చుకున్న నటి

కథానాయిక కాకపోయినా, తెర మీదికి రాగానే హాల్లో జనం సర్దుకుని కూర్చునేలా చేసే నటులు కొందరుంటారు. మనకు సూర్యకాంతం గారు అలాంటివారు. ఇంగ్లండులో ఆ కోవకు చెందిన క్యారెక్టర్ నటుల్లో నాకు బాగా నచ్చినవారు మార్గరెట్ రూథర్‌ఫర్డ్. మన సభ్యుల్లో కొందరు ఆవిడను మిస్ మార్పుల్‌గా చూసే ఉంటారు. ఆ నవ్వుల వెనక ఎంత చీకటి ఉందో తెలిసినవారు తక్కువ.

కథ ఆవిడ పుట్టకముందే మొదలైంది. 1883లో తండ్రి విలియం బెన్ మతి చలించి, చర్చి పాస్టరైన తన కన్నతండ్రిని పింగాణీ పాత్రతో కొట్టి చంపారు. ఆయన్ను బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయంలో ఉంచి 1890లో వదిలారు. ఆపైన ఆయన బెన్ అన్న ఇంటిపేరు మానేసి రూథర్‌ఫర్డ్ అయ్యారు. 1892 మే 11న లండన్‌లో మార్గరెట్ పుట్టారు. పాత సంగతులు వెంటాడని చోట బతుకుదామని ఆ కుటుంబం మద్రాసుకు వచ్చింది. ఇక్కడా శాంతి దక్కలేదు. నిండు మనిషైన తల్లి ఆత్మహత్య చేసుకున్నారు. మూడేళ్ళ పిల్లను వింబుల్డన్‌లో తల్లి తోబుట్టువు బెస్సీ దగ్గరికి పంపేశారు. తండ్రి 1904లో మళ్ళీ బ్రాడ్‌మూర్ చేరి, 1921లో కన్నుమూశారు. తనకూ ఆ జబ్బు వస్తుందేమోనన్న భయం ఆవిడను జీవితమంతా వెంటాడింది. (1929 నుంచి 1931 దాకా ఇండియా వ్యవహారాల మంత్రిగా పనిచేసిన వెడ్జ్‌వుడ్ బెన్ ఆవిడ పెదనాన్న కొడుకే!)

చాలా ఏళ్ళు పియానో, ఉచ్చారణ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. బెస్సీ పోతూ మిగిల్చిన కొద్దిపాటి సొమ్ముతో 1925లో, 33వ ఏట, ఓల్డ్ విక్ నాటకశాలలో విద్యార్థినిగా చేరారు. ఆ వయసుకు మనలో చాలామందిమి మొదటి ప్రమోషన్ కోసం ఎదురుచూస్తున్నాం! లండన్ వెస్టెండ్ రంగస్థలం ఎక్కేసరికి 1933. గీల్‌గుడ్ దర్శకత్వంలో 1938లో వచ్చిన ‘స్ప్రింగ్ మీటింగ్’తో పేరొచ్చింది. మరుసటేడు ఆస్కార్ వైల్డ్ నాటకంలో మిస్ ప్రిజమ్ వేశారు. 1952 సినిమాలోనూ ఆ పాత్ర ఆవిడదే.

1941లో నోయెల్ కవర్డ్ ‘బ్లైత్ స్పిరిట్’లో ఆత్మలతో మాట్లాడే మేడం ఆర్కాటి వేషం ఇస్తామంటే ఆవిడ మొదట వెనకాడారు. ఆత్మలను నమ్మేవాళ్ళను ఎగతాళి చేయడం ఆవిడకిష్టం లేదు. ఒప్పుకున్నాక, పాత్రను ఎక్కడా వెక్కిరించకుండా, తనకు నిజంగా ఆ శక్తులున్నట్టే నమ్మి చేశారు. 1945లో డేవిడ్ లీన్ తీసిన సినిమాలో చూడండి, సైకిలు తొక్కుకుంటూ ఎంత ధీమాగా వస్తారో. నా ఉద్దేశంలో ఆవిడ హాస్యం కిటుకంతా ఇదే. నవ్వించాలని ప్రయత్నించరు. తన పని తను శ్రద్ధగా చేసుకుపోతారు. నవ్వు మనకొస్తుంది. మన సినిమాల్లో హాస్యం పేరిట కళ్ళు తిప్పేవారు ఇది గమనిస్తే బాగుండును.

మిస్ మార్పుల్ దగ్గరా అదే వెనకంజ. హత్యల కథలంటే ఆవిడకు గిట్టదు. వాళ్ళింటి చరిత్ర తెలిసినవారికి కారణం వేరే చెప్పక్కర్లేదు. చివరికి ఒప్పుకుని 1961 నుంచి 1964 దాకా నాలుగు సినిమాల్లో చేశారు. ‘మర్డర్ అహోయ్’లో డెబ్భై దాటిన మనిషి కత్తియుద్ధం కూడా చేశారు! అగాథా క్రిస్టీ రాసిన మార్పుల్ సన్నని ముసలమ్మ. రూథర్‌ఫర్డ్ భారీ విగ్రహం. రచయిత్రికి ఆ సినిమాలు నచ్చలేదు, అయినా 1962లో ఒక నవలను ఈవిడకే అంకితమిచ్చారు. వాటిలో కనిపించే మిస్టర్ స్ట్రింగర్ నవలల్లో లేనే లేడు. ఆవిడ భర్త స్ట్రింగర్ డేవిస్ కోసం కల్పించిన పాత్ర అది. వారిద్దరి పెళ్ళి 1945లో, ఆవిడకు యాభై దాటాక జరిగింది.

‘ది వి.ఐ.పీస్’లో డబ్బు చాలని డచెస్ పాత్రకు 1964లో ఆస్కార్ వచ్చింది. 1967లో డేమ్ బిరుదు వచ్చింది. అప్పటికే జ్ఞాపకశక్తి తగ్గుతోంది. 1966లో హేమార్కెట్ థియేటర్లో ‘ది రైవల్స్’ నాటకాన్ని కొద్ది వారాలకే వదులుకోవలసి వచ్చింది. ఆఖరి రోజుల్లో స్ట్రింగర్ గారే కనిపెట్టుకుని ఉన్నారు. ఆవిడ 1972 మే 22న మరణించారు. మరుసటేడే ఆయనా పోయారు.