మహిళల ఫిగర్ స్కేటింగ్: శక్తికీ కళకూ మధ్య మార్కులు

మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో క్రీడాకారిణి మంచు రింక్‌పై సంగీతానికి తగ్గట్టు జారుతుంది, ఎగిరి గాలిలో చుట్లు తిరుగుతుంది, ఒంటికాలిపై బొంగరంలా తిరుగుతుంది. ఇక్కడ గెలుపును గడియారం తేల్చదు, టేపు కొలవదు. న్యాయనిర్ణేతల మార్కులే తేలుస్తాయి. జంప్‌లో చుట్లు లెక్కకు అందుతాయి, లాలిత్యం అందదు. దేనికి పెద్దపీట వేయాలన్న వాదన ఈ పోటీలతోపాటే పెరిగింది. మార్కుల పద్ధతి ఎటు మొగ్గితే శిక్షణ కూడా అటే మొగ్గుతూ వచ్చింది.

తొలి దశ

1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మ్యాడ్జ్ సైయర్స్ మగవాళ్లతో పోటీపడి రెండో స్థానంలో నిలిచింది. స్త్రీలు పాల్గొనకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు మరి. మహిళలకు విడిగా ప్రపంచ స్థాయి పోటీ 1906లో మొదలైంది. 1908 ఒలింపిక్స్ స్వర్ణం కూడా సైయర్స్‌దే. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన థెరీసా వెల్డ్ సాల్కో జంప్ చేస్తే, అది ఆడవాళ్లకు తగదని న్యాయనిర్ణేతలు మందలించారు. ఒక్క చుట్టు జంప్‌కే ఆ మాట!

నార్వేకు చెందిన సోన్యా హెనీ మోకాళ్ల పైకి ఉండే స్కర్టుతో, బ్యాలే కదలికలతో ఈ క్రీడ రూపాన్నే మార్చేసింది. 1927 నుంచి 1936 వరకు వరసగా పది ప్రపంచ టైటిళ్లు, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. జంప్‌లూ ముందుకు సాగాయి: 1936లో సిసిలియా కాలెడ్జ్ రెండు చుట్ల జంప్ చేసింది.

మంచు మీది గీతలు

అప్పట్లో మార్కుల్లో సింహభాగం జంప్‌లదీ కాదు, నాట్యానిదీ కాదు. కంపల్సరీ ఫిగర్లు అనే పరీక్షలో స్కేటర్ బ్లేడు అంచుతో మంచు మీద ఎనిమిది అంకె లాంటి ఆకారాలు గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆమె పక్కకు తప్పుకున్నాక న్యాయనిర్ణేతలు వంగి, ఆ గీతలు ఎంత కచ్చితంగా ఒకదానిపై ఒకటి పడ్డాయో చూసేవారు. చాలాకాలం 60 శాతం మార్కులు దీనివే. 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకు చెందిన బియాట్రిక్స్ షూబా ఫిగర్లలో సంపాదించిన ఆధిక్యంతో స్వర్ణం గెలిచింది. సంగీతానికి చేసే ప్రదర్శన అయిన ఫ్రీ స్కేట్‌లో ఆమెది ఏడో స్థానం. స్పిన్ చేస్తూ పడిపోయి, నవ్వుతూ లేచి, జపాన్ ప్రేక్షకుల మనసు దోచుకున్న జానెట్ లిన్‌కు కాంస్యం దక్కింది. టీవీలో ఫ్రీ స్కేట్ మాత్రమే చూసినవాళ్లకు ఈ ఫలితం అంతుపట్టలేదు. ఆ మరుసటి సీజన్లో షార్ట్ ప్రోగ్రామ్ అనే చిన్న ప్రదర్శన వచ్చి ఫిగర్ల వాటా తగ్గింది. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల నుంచి అవి పూర్తిగా పోయాయి.

ఇతో, బొనాలీ

ఫిగర్లు తగ్గిపోయిన ఆ మార్పు అందరికన్నా ఎక్కువగా మేలు చేయాల్సింది జపాన్‌కు చెందిన మిదోరి ఇతోకు. మిగతా జంప్‌లకు స్కేటర్ వెనక్కి జారుతూ లేస్తే, యాక్సెల్‌కు ముందుకు చూస్తూ లేస్తుంది. అందుకే అందులో అర చుట్టు అదనం. ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడున్నర చుట్లు, అదీ సెకను లోపే. పోటీలో దాన్ని సాధించిన తొలి మహిళ ఇతో (1988). మరుసటి ఏడాది పారిస్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి ఆసియా మహిళ అయింది. ఆమె జంప్‌లను వట్టి బలప్రదర్శన అనుకోవడం పొరపాటు. ఆ ఎత్తులోనూ, దిగగానే ముఖంలో విరిసే ఆనందంలోనూ చూసేవాళ్లను కదిలించే భావం ఉంది. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఒకసారి పడ్డాక, ఫ్రీ స్కేట్ చివరి భాగంలో మళ్లీ ప్రయత్నించి ట్రిపుల్ యాక్సెల్ సాధించింది. స్వర్ణం మాత్రం ఆ జంప్ చేయని క్రిస్టీ యమగుచీకి దక్కింది.

ఫ్రాన్స్‌కు చెందిన సూర్యా బొనాలీకి 1993 నుంచి 1995 వరకు మూడుసార్లూ ప్రపంచ రజతమే. ఆమె గురించి రాసినవాళ్లు కండబలాన్నే ఎత్తిచూపారు, కళ తక్కువన్నారు. నల్లజాతి స్కేటర్ కాకపోతే ఇలాగే అనేవారా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, నేటికీ ఉంది. 1998 నగానో ఒలింపిక్స్‌లో నిషిద్ధమైన బ్యాక్‌ఫ్లిప్ వేసి ఒంటికాలిపై దిగింది. మార్కులు పోతాయని తెలిసే చేసింది. ఆ నిషేధాన్ని 2024లో ఎత్తేశారు.

అదే నగానోలో మిషెల్ క్వాన్‌కు ప్రదర్శన తీరుకిచ్చే ప్రెజెంటేషన్ మార్కుల్లో తొమ్మిది మంది న్యాయనిర్ణేతలూ 6.0కు 5.9 ఇచ్చారు. అయినా రెండు ట్రిపుల్ లూప్‌లను వెంటవెంటనే చేసిన పదిహేనేళ్ల టారా లిపిన్‌స్కీకి ఆరుగురు మొగ్గు చూపారు.

ప్రతి జంప్‌కూ ఒక విలువ

2002 సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల విభాగంలో తీర్పుల కుంభకోణం బయటపడ్డాక, 6.0 మార్కుల పద్ధతికి కాలం చెల్లింది. కొత్త పద్ధతిలో ప్రతి జంప్‌కూ, స్పిన్‌కూ ముందే నిర్ణయించిన విలువ ఉంటుంది. చేసిన తీరును బట్టి కలుపుతారు, కోస్తారు. లాలిత్యానికి వేరే పట్టిక. 2006 టురిన్‌లో షిజుకా అరకావా పాదాలను వ్యతిరేక దిశల్లో ఉంచి, నడుమును వెనక్కి విల్లులా వంచి జారింది. దానితో అదనపు మార్కులేవీ రావని తెలిసినా వదులుకోలేదు, స్వర్ణం గెలిచింది.

ఈ పద్ధతి తన ఆశయాన్ని పూర్తిగా నెరవేర్చుకున్నది 2010 వాంకూవర్‌లో అనవచ్చు. మావో అసాదా ఒకే పోటీలో మూడు ట్రిపుల్ యాక్సెల్‌లు చేసింది. ఒక్కటీ చేయని యునా కిమ్ 228.56 పాయింట్లతో ఆమెను 23 పాయింట్ల తేడాతో ఓడించింది. కిమ్ జంప్‌లు పాటలోంచే పుట్టినట్టుండేవి. బలం, భావం ఎక్కడ విడిపోతాయో చెప్పడం కష్టమయ్యేది.

తర్వాత లెక్కలు తెలిసిన శిక్షకుల కాలం వచ్చింది. అప్పట్లో ప్రదర్శన రెండో సగంలో చేసే జంప్‌కు పది శాతం అదనం ఉండేది. 2018 ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ల అలీనా జాగితోవా తన జంప్‌లన్నింటినీ రెండో సగానికి నెట్టింది. ప్రధాన ప్రత్యర్థి మెద్వెదెవాతో ఫ్రీ స్కేట్‌లో సమానంగా 156.65 తెచ్చుకుని, మొత్తం మీద 1.31 తేడాతో గెలిచింది. సంగీతం మొదటి సగమంతా జంప్ లేకుండా గడిచిపోవడం ఎబ్బెట్టుగా ఉందన్న విమర్శలో న్యాయం ఉంది. ఆ అదనాన్ని వెంటనే చివరి కొన్ని జంప్‌లకే పరిమితం చేశారు.

క్వాడ్‌లు, వయసు

నాలుగు చుట్ల జంప్‌ను, అంటే క్వాడ్‌ను, మహిళల్లో మొదట మికి అందో 2002లో సాధించింది, పద్నాలుగేళ్ల వయసులో. 2018లో పదమూడేళ్ల అలెగ్జాండ్రా ట్రుసోవా జూనియర్ ప్రపంచ పోటీల్లో రెండు చేసింది. సన్నని శరీరం వేగంగా తిరుగుతుంది. యుక్తవయసులో శరీరాకృతి మారుతుంటే చాలామందికి ఆ జంప్‌లు చేజారిపోతాయి. పతకాలు పిల్లలకు దక్కడం, ఇరవై రాకముందే కెరీర్లు ముగియడం అలా పెరిగింది. 2022 బీజింగ్‌లో ట్రుసోవా ఫ్రీ స్కేట్‌లో ఐదు క్వాడ్‌లు చేసి రజతం గెలిచింది. డోపింగ్ వివాదం నడుమ బరిలోకి దిగిన పదిహేనేళ్ల కమీలా వలియేవా పదేపదే పడిపోవడం లోకమంతా చూసింది. ఒక పిల్లను ఆ స్థితిలో మంచు మీదికి పంపడం దారుణం. ఆ ఏడాదే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సీనియర్ పోటీలకు కనీస వయసును దశలవారీగా 15 నుంచి 17కు పెంచాలని నిర్ణయించింది.

క్వాడ్ గానీ, ట్రిపుల్ యాక్సెల్ గానీ లేకుండానే బీజింగ్‌లో కాంస్యం గెలిచిన కవోరి సకమోతో 2022, 2023, 2024లో వరసగా ప్రపంచ విజేత. 2024లో పాతికేళ్ల ఆంబర్ గ్లెన్ ట్రిపుల్ యాక్సెల్‌ను తన ప్రదర్శనల్లో భాగం చేసుకుని గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచింది. పదహారేళ్లకే ఆట మానేసి తిరిగొచ్చిన అలీసా లియు 2025 ప్రపంచ టైటిల్ సాధించింది. మగవాళ్ల షార్ట్ ప్రోగ్రామ్‌లో క్వాడ్‌లకు అనుమతి ఉన్నా, ఆ సీజన్లోనూ మహిళల షార్ట్ ప్రోగ్రామ్‌లో లేదు.