బళ్లారి వీథిబడులు: విద్యార్థిని పరీక్షించిన తీరు

1823లో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడులను గూర్చి రెవెన్యూ బోర్డునకు నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణకర్త యగుటచే ఆయన లెక్కలతో తృప్తి చెందలేదు.

ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, తరువాతివారికి ఒక్కొక్కటి హెచ్చు. (చివర వచ్చినవాని గతి ఊహ్యము!) ఇది రాకకు కొలత. చదువునకు కొలత ఒప్పజెప్పుట. తడబడక పద్యములు ఒప్పజెప్పు బాలురకు వాని యర్థము తెలియదనియు, కావ్యభాష వాడుకభాషకు దూరమగుటయే కారణమనియు ఆయన ఆక్షేపించెను. అది సమంజసమే, ధారణను పరీక్షించి అవగాహన గలదని తలచుట పొరపాటు.

అయినను మేము గమనింపదగినదని తలచునది వేఱొకటి. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పుచు తమ చదువును గట్టిపఱచుకొను పద్ధతిని ఆ నివేదికయే మెచ్చినది. చెప్పబోయి తడబడినవాని లోపము అచ్చటనే బయటపడును గదా! క్యాంప్‌బెల్ దానిని బోధనాపద్ధతిగా మెచ్చెను. మేము దానిని పరీక్షగా గూడ పరిగణించుచున్నాము.