లెవెల్ క్రాసింగ్

రోడ్డు, రైలు పట్టాలు ఒకే మట్టంలో కలిసే చోటు. వాడుకలో రైల్వే గేటు. గేటు బదులు వంతెన అవసరమా అన్నది తేల్చేందుకు భారతదేశంలో టీవీయూ లెక్క చూస్తారు. రోజువారీ రైళ్ల సంఖ్యను రోడ్డు వాహనాల యూనిట్లతో గుణిస్తే వచ్చేది ఇది. ఇది లక్ష దాటితే ఖర్చును రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించే పద్ధతి ఉండేది.

ఓవర్‌బ్రిడ్జి కరెంటు తీగలకు పైగా లేవాలి కనుక పొడవాటి అప్రోచ్‌లు, భూసేకరణ కావాలి. అండర్‌బ్రిడ్జికి స్థలం తక్కువ చాలు. కానీ వానకు నీరు నిలుస్తుంది, ఎత్తైన లారీలు పట్టవు. గేటు పక్కనే కూడలి ఉంటే సిగ్నల్ వద్ద ఆగిన వాహనాల బారు పట్టాలపైకి చేరే ప్రమాదముంది.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని క్రాసింగ్ వద్ద రైలు స్కూలు బస్సును ఢీకొని చిన్నారులు మరణించారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో ఇలాంటి క్రాసింగ్‌లను 2019 జనవరి నాటికి తొలగించారు.